జెండా మీది కొంగ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక జెండా, ఆ జెండా మీద ఒక కొంగ. ఆ కొంగను కుట్టిన దర్జీ ఏనాడూ కొంగను చూసి ఎరగడు. కుట్టమన్న రాజూ చూడలేదు. అందుకని అది ఒక ఏడు బాతులా ఉండేది, మరో ఏడు కోడిపుంజులా ఉండేది. అయినా జనం దానికి దణ్ణం పెట్టేవారు. జెండా కదా మరి!

ఆ రాజ్యం పేరు పద్మవాడ. దాని రాజు జయధ్వజుడు. మంచివాడే, మనసూ మెత్తనిదే. కానీ నిశ్శబ్దం అనే మాట ఆయన పుట్టాక విని ఉండడు. నిద్ర లేస్తే శంఖం, కూర్చుంటే బాకా, అన్నం తింటే భజంత్రీలు. ఆయన తుమ్మినా డప్పు మోగేది.

ఊరికి తూర్పున, కాస్త ఎడంగా, కొంగలమడుగు ఉండేది. సగం నీళ్ళు, సగం బురద. చుట్టూ రెల్లు, తుంగ. ఆవలి ఒడ్డున నీళ్ళలోనే నిలబడి పెరిగిన తుమ్మతోపు. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని గబగబా నడిచిపోయేవారు. ఊళ్ళో గుప్పెడు మంది మాత్రం పనిగట్టుకుని అక్కడికే వెళ్ళేవారు.

ప్రతి ఏకాదశినాడూ తెల్లవారగానే వాళ్ళు ఊరి పొలిమేర రాయి దగ్గర కలుసుకునేవారు. ఆడవాళ్ళు అందెలు విప్పి ఇంట్లో పెట్టి వచ్చేవారు. గాజులు గలగలమనకుండా పాతగుడ్డ చుట్టుకునేవారు. అందరివీ మట్టిరంగు బట్టలే. గట్టు మీద రెల్లు చాటున కూర్చుని పిట్టల్ని చూసేవారు. చూడటం, అంతే. పట్టుకోరు, కొట్టరు, తినరు. ఊళ్ళోవాళ్ళకు ఇది బొత్తిగా అర్థం కాలేదు. "పిట్టపిచ్చోళ్ళు" అని పేరు పెట్టి ఊరుకున్నారు.

ఆ పిట్టపిచ్చోళ్ళకు పెద్ద వకుళ. ఆమె ఆ ఊరి వైద్యురాలు. నాడి పట్టుకుంటే రోగి తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేదాకా చెయ్యి వదిలేది కాదు. అంత ఓపిక ఆమెది. ఆమె వెంట కంసాలి ముక్తేశం వచ్చేవాడు, గానుగ సింగమ్మ వచ్చేది. సింగమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆమె చెవిలో గుసగుసలాడితే పక్కవీధివాళ్ళు జవాబు చెప్పేవారు.

అలాంటి సింగమ్మతో పిట్టల దగ్గరికి వెళ్ళడం ఎలా? వకుళ ఒక ఉపాయం కనిపెట్టింది. మడుగు చేరగానే ఒక్కొక్కరి నోట్లో ఒక్కో బెల్లం ముక్క పెట్టేది. అది కరిగేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. నమలకూడదు. కరిగితే మరో ముక్క. అలా అదే వాళ్ళకు ఆచారమైపోయింది. బెల్లం నోట్లో ఉన్నంతసేపూ సింగమ్మ కూడా కళ్ళతోనే మాట్లాడేది.

చూడటం అయ్యాక పని ఉండేది. వేటగాళ్ళు పన్నిన ఉచ్చులు ఏరి పారేసేవారు. గేదెలు తొక్కేసిన చోట తుంగ నాటేవారు. గట్టుకు గండి పడితే మట్టి వేసేవారు. తిరిగి పొలిమేర రాయి దగ్గరికి వచ్చాక అప్పుడు నోళ్ళు విప్పేవారు. అందరూ ఒక్కసారే! లకుముకి పిట్ట చేపను ఎలా ఎత్తుకుపోయిందో ఒకరు, నామాలకోళ్ళు ఎలా పోట్లాడుకున్నాయో ఒకరు. ఆ గోలకు పొలంలో ఎడ్లు బెదిరేవి.

వాళ్ళకు ఇంకో కట్టడి కూడా ఉండేది. కొంగలు గూళ్ళు పెట్టే నెలల్లో ఆవలి తుమ్మతోపు దరిదాపులకు ఎవరూ వెళ్ళకూడదు. ఆ కట్టడి వెనక ఒక బాధ ఉంది. మొదటి ఏడు వాళ్ళకు ఈ బుద్ధి లేదు. పిల్లల్ని దగ్గరగా చూడాలన్న ముచ్చట కొద్దీ, రెల్లు కోసి తోపులోకి దారి చేసుకుని వెళ్ళారు. వీళ్ళను చూసి తల్లులు లేచిపోయాయి. ఆ సందు చూసి కాకులు దిగాయి. పిట్టలంటే ప్రాణం పెట్టేవాళ్ళు వెళ్ళబట్టే ఆ ఏడు ఒక్క పిల్లా దక్కలేదు. ఆ రోజు వకుళ గట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మరునాడు తానే ఆ దారికి అడ్డంగా ముళ్ళకంప వేసింది.

ఇలా ఉండగా, కుబేరదత్తుడనే వ్యాపారి కన్ను ఆ మడుగు మీద పడింది. ఆయన కొలువుకు వెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ! కాలువ తవ్వించి ఆ నీళ్ళు వదిలేస్తే, ఆ నేలలో చెరకు ఏపుగా పెరుగుతుంది. ఖజానాకు పన్ను వస్తుంది. ఇప్పుడు అక్కడేముంది? బురదా, దోమలూ తప్ప!"

రాజుకు ఆ మాట సబబుగానే తోచింది. ఈ సంగతి తెలిసి వకుళ పరుగున కొలువుకు వచ్చింది.

"ప్రభూ, ఆ మడుగును ఎండగట్టకండి. అక్కడ తమ జెండా ఉంది."

"నా జెండా బురదలో ఉందా?" అని రాజు ఉలిక్కిపడ్డాడు.

"జెండా మీది కొంగ ఉంది మహారాజా. ఎర్రకాళ్ళ కొంగ. ఈ రాజ్యంలో అది గూడు కట్టేది అక్కడొక్కచోటే. మడుగు ఎండితే అది మళ్ళీ ఈ గడ్డ మీద వాలదు."

కుబేరదత్తుడు పకపకా నవ్వాడు. "ప్రభూ, నేను ఆ దారినే సంతకు వెళ్తాను. నాకు ఏనాడూ ఒక్క ఎర్రకాలు కూడా కనపడలేదు. ఈమెగారికి పిట్టపిచ్చి. పిచ్చివాళ్ళకు ఏవైనా కనపడతాయి."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "మేమే వచ్చి చూస్తాం. మూడు ఉదయాలు వస్తాం. మా కొంగ కనపడితే మడుగు మీది. కనపడకపోతే నాలుగోనాడు కాలువ తవ్వుతారు. సరేనా?"

"సరే ప్రభూ. కానీ గుట్టుగా రావాలి" అంది వకుళ.

"ఓ! మాకు తెలీదా?" అన్నాడు రాజు.

మొదటి ఉదయం రాజు గుట్టుగానే బయల్దేరాడు. ఒక్క ఏనుగు, రెండు బాకాలు, ఒక నగారా, అంతే. రాజుగారికి తెలిసిన గుట్టు అది. ఆయన ఊరు దాటకముందే మడుగు మీది పరజలూ, కంకణాలపిట్టలూ గుంపులు గుంపులుగా లేచిపోయాయి. రాజు గట్టెక్కి చూసేసరికి నీళ్ళ మీద అలలు తప్ప ఏమీ లేదు. ఆవలి తోపు మరీ దూరం, నల్లటి గీతలా ఉందంతే. ఏనుగు మాత్రం కడుపునిండా తుంగ మేసింది.

రెండో ఉదయం వకుళ బతిమాలితే బాకాలు మానేశారు. కానీ రాణిగారికి కూడా కొంగను చూడాలనిపించింది. రాణి వస్తే చెలికత్తెలు రారా? చెలికత్తెలు వస్తే చిలకపచ్చ చీరలు రావా? జలతారు గొడుగు ఎండకు తళతళలాడింది. ఫలహారాల పళ్ళేలు గణగణమన్నాయి. అందరూ ఊపిరి బిగబట్టిన సమయంలో దోమలు పోవాలని చెలికత్తెలు వేసిన సాంబ్రాణి పొగ మంత్రిగారి ముక్కులోకి పోయింది. ఆయన తుమ్మిన తుమ్ముకు గట్టు చాటున ఉన్న ఆఖరి నారాయణపక్షి కూడా రెక్కలు విప్పుకుని వెళ్ళిపోయింది.

"చూశారా ప్రభూ, ఉత్త బురద" అన్నాడు కుబేరదత్తుడు.

రాజు ముఖం చిన్నబోయింది. ఆయనకూ లోలోపల ఆ కొంగను చూడాలనే ఉంది. తాత ముత్తాతల నుంచి ఏ గుర్తు కింద యుద్ధాలు చేశారో, ఆ గుర్తు నిజమో కాదో తెలుసుకోవద్దూ!

ఆ సాయంత్రం పిట్టపిచ్చోళ్ళందరూ పొలిమేర రాయి దగ్గర దిగాలుగా కూర్చున్నారు.

"అక్కా, నా మాట విను" అన్నాడు ముక్తేశం. "వేటగాళ్ళ దగ్గర పంజరాల్లో కొంగలున్నాయి. నాలుగు కొనుక్కొద్దాం. కాళ్ళకు ఎర్ర లత్తుక పూసి రెల్లు పక్కన కట్టేద్దాం. రాజుగారికి తేడా ఏం తెలుస్తుంది? జెండా మీద బాతునే కొంగ అనుకున్న మహానుభావుడు!"

కొందరు నవ్వారు. వకుళకు నవ్వు రాలేదు. "తమ్ముడూ, ఇవాళ అబద్ధపు కొంగతో మడుగును కాపాడుకుంటే, రేపు మనం నిజం కొంగను చూశామన్నా ఎవరూ నమ్మరు. పైగా మనం కొన్నామంటే వాళ్ళు ఇంకో నాలుగు పట్టుకొస్తారు" అంది.

"అయితే రాజుగారిని తోపులోకే తీసుకుపోదామమ్మా!" అంది సింగమ్మ. పొలం అవతల ఉన్న రైతు కూడా వెనక్కి తిరిగి చూశాడు. "చెట్ల కిందే నిలబెడితే కనపడక చస్తాయా?"

వకుళ ముళ్ళకంప వేసిన దిక్కుకు చూసింది. సింగమ్మకు గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని తల దించుకుంది.

"తోపుకు ఇవతల మట్టిదిబ్బ ఉంది కదా. అక్కడిదాకా తీసుకెళ్తాను. అక్కణ్ణించి కనపడితే కనపడినట్టు" అంది వకుళ.

అని, లేచి ఒక్కతే మడుగు గట్టుకు వెళ్ళి కూర్చుంది. తాను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఉన్న మడుగు. రోగి చనిపోయిన రోజున తాను వచ్చి కూర్చునే గట్టు. అది లేని ఊరిని ఆమె ఊహించుకోలేకపోయింది.

మూడో ఉదయం వకుళ నేరుగా కోటకు వెళ్ళి రాజు ముందు ఒక మట్టిరంగు దుప్పటి పెట్టింది. "ప్రభూ, ఇవాళ రాజుగా రాకండి. ఊరికే మనిషిగా రండి" అంది.

సభలో అందరూ గుటకలు మింగారు. రాజుకు కోపం రావలసిన మాటే. కానీ ఆయనకు అదేదో కొత్తగా, సరదాగా అనిపించింది. కిరీటం తీసి సింహాసనం మీద పెట్టాడు. దుప్పటి కప్పుకున్నాడు. చెప్పులు విప్పాడు. సాక్షిగా కుబేరదత్తుడు ఒక్కడే వెంట బయల్దేరాడు.

మడుగు దగ్గర వకుళ బెల్లం ముక్క ఇచ్చింది. రాజు బుద్ధిగా నోట్లో పెట్టుకున్నాడు. కుబేరదత్తుడు "నాకు తీపి పడదు" అని వద్దన్నాడు.

ముగ్గురూ మట్టిదిబ్బ వెనక బోర్లా పడుకున్నారు. ఆ రోజు పొగమంచు దట్టంగా ఉంది. తోపు లేదు, నీళ్ళు లేవు, అంతా తెల్లటి దూది. రాజు మోచేతులకు బురద అంటింది. దోమలు రాజనీ చూడలేదు, వ్యాపారనీ చూడలేదు. బెల్లం కరిగింది. వకుళ మరో ముక్క ఇచ్చింది. అదీ కరిగింది. మంచు మాత్రం కరగలేదు.

కుబేరదత్తుడు రాజు చెవి దగ్గరికి జరిగాడు. "ప్రభూ, ఎందుకీ కష్టం? ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టమనండి. పక్షులుంటే పైకి లేస్తాయి. అప్పుడు మంచులోంచి కూడా కనపడతాయి. లేకపోతే లేనట్టే తేలిపోతుంది."

రాజు కళ్ళు మెరిశాయి. ఇంత తేలిక దారి ఉందా! ఆయన వకుళ వైపు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు. "వైద్యురాలా, చప్పట్లు కొట్టు. కొంగలు లేచాయా, మడుగు నీది. మాట ఇస్తున్నా."

తోపు నిండా కొంగలున్నాయని వకుళకు తెలుసు. వాటి ముక్కులు టకటకలాడటం మంచులోంచి ఆమె చెవికి వినపడుతూనే ఉంది. ఒక్క చప్పట చాలు. మడుగు నిలుస్తుంది, కాలువ ఆగుతుంది, వ్యాపారి నోరు మూతపడుతుంది. తనకు తెలియకుండానే ఆమె రెండు చేతులూ దగ్గరికి వచ్చేశాయి.

అప్పుడు తోపు పైన ఎక్కడో ఒక కాకి అరిచింది.

వకుళ చేతులు రెండూ విడదీసి నేలకు ఆనించింది.

"కొట్టలేను ప్రభూ."

"ఎందుకని?"

"గూళ్ళలో పిల్లలున్నాయి. ఇంకా ఈకలు కూడా రాని పసికూనలు. తల్లి లేస్తే కాకులు దిగుతాయి, గద్దలు దిగుతాయి. తల్లి తిరిగి వచ్చేసరికి గూడు ఖాళీ అవుతుంది. నేను కళ్ళారా చూశాను మహారాజా. మళ్ళీ చూడలేను."

"చూశారా ప్రభూ, సాకులు!" అన్నాడు కుబేరదత్తుడు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఆలోచించుకో. ఇదే ఆఖరి ఉదయం. చప్పట్లు కొట్టకపోతే నువ్వు ఓడినట్టు. రేపు కాలువ తవ్వుతారు."

వకుళ కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"ఓడిపోతాను ప్రభూ. కాలువ తవ్వాలంటే తవ్వించండి. కానీ ఒక్క వరం ఇవ్వండి. ఈ పిల్లలు ఎగరడం నేర్చుకునేదాకా ఆగి తవ్వించండి. వాటిని చంపుకుని మాత్రం నేను గెలవలేను."

రాజు నిర్ఘాంతపోయాడు. ఆయన తన కొలువులో ఎందరినో చూశాడు. గెలవడానికి అబద్ధమాడినవాళ్ళను చూశాడు, ఏడ్చినవాళ్ళను చూశాడు, కాళ్ళ మీద పడ్డవాళ్ళను చూశాడు. గెలుపు చేతికి అందివ్వబోతే వద్దన్నవాళ్ళను మాత్రం ఎన్నడూ చూడలేదు. మంచుకేసి చూశాడు. ఆమె ముఖంకేసి చూశాడు. నెమ్మదిగా వ్యాపారితో అన్నాడు:

"కుబేరదత్తా, లేని కొంగల పిల్లల కోసం ఎవరైనా ఉన్న మడుగును వదులుకుంటారా?"

రాజు చెయ్యి చాపాడు. "అమ్మా, ఇంకో బెల్లం ముక్క ఇయ్యి."

ఆ ముక్క కరగనారంభించింది. తూర్పున ఎండ పొడిచింది. మంచు పైనుంచి కిందికి, పొరలు పొరలుగా విడిపోసాగింది. ముందు తుమ్మచెట్ల తలలు కనపడ్డాయి. ఆ తలల మీద ఏదో తెల్లగా ఉంది. రాజు పూలనుకున్నాడు. ఆ పూలు మెడలు తిప్పాయి.

తోపు తోపంతా కొంగలే! తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చటి పొడుగు ముక్కులు, తోక దగ్గర లేత గులాబి రంగు ఈకలు. లేచి నిలబడితే కింద ఎర్రెర్రటి కాళ్ళు! ఒక తల్లి రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడ పడుతోంది. ఒక తండ్రి మడుగులో నీళ్ళు పుక్కిట పట్టుకొచ్చి పిల్లల తలల మీద ఒలకబోస్తోంది. పసికూనలు తడిసి కిచకిచమంటున్నాయి. పైన గద్దలు గిరికీలు కొడుతున్నాయి. కానీ ఏ తల్లీ గూడు వదల్లేదు గనక ఏ గద్దా కిందికి దిగలేదు.

రాజు నోరు తెరిచాడు. వకుళ గుండె గుభేలుమంది. కానీ ఆయన నోట్లోంచి మాట రాలేదు. బెల్లం ఉంది కదా! ఆయన కళ్ళ నుంచి మాత్రం రెండు చుక్కలు రాలి దుప్పటి మీద పడ్డాయి. నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టే వకుళ ఆయన మణికట్టు పట్టుకుంది. అలాగే కొంగల్ని చూస్తూ ఉండిపోయారు.

ముగ్గురూ చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగి పొలిమేర రాయి చేరుకున్నారు. అక్కడ ముక్తేశమూ సింగమ్మా మిగతావాళ్ళూ ముళ్ళ మీద ఉన్నట్టు ఎదురుచూస్తున్నారు. రాజు రాయి దాటాడో లేదో, గొంతెత్తి అరిచాడు:

"కాళ్ళు ఎర్రగానే ఉన్నాయి! మా దర్జీ ఇన్నాళ్ళూ బాతును కుడుతున్నాడు!"

అంతే, ఇక అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోలలో సింగమ్మ గొంతును మించి వినపడ్డది రాజుగారి గొంతే.

కొంగలమడుగు జోలికి ఎవరూ పోరాదని ఆ రోజే చాటింపు వేశారు. ఆ చాటింపు కూడా మడుగుకు దూరంగా, ఊళ్ళోనే వేశారు. కుబేరదత్తుడికి రాజు పడమటి మెట్టన, ఊరి పాత సాగుకాలువ పక్కన భూమి ఇచ్చాడు. ఆయన అక్కడే చెరకు వేశాడు. మొదటి పంట బెల్లంలో ఒక బుట్ట పిట్టపిచ్చోళ్ళకు పంపించాడు. పంపించి, తానూ ఒక ఏకాదశినాడు వచ్చి రెల్లు చాటున కూర్చున్నాడు. తీపి పడదన్నవాడు రెండు ముక్కలు అడిగి పుచ్చుకున్నాడు.

దర్జీని కూడా పిలుచుకొచ్చి చూపించారు. ఆ ఏడు జెండా మీద కొంగ కొంగలాగే ఉంది.

అప్పటి నుంచి ఏకాదశి తెల్లవారుజామున కోటలో శంఖం మోగదు, బాకా ఊదరు. ఊరు ఇంకాస్త సేపు హాయిగా నిద్రపోతుంది. ఆ వేళకు మట్టిరంగు దుప్పటి కప్పుకున్న ఒక పెద్దమనిషి ఉత్తకాళ్ళతో మడుగు దారిన నడిచిపోతుంటాడు. ఎదురొచ్చిన పాలవాళ్ళు "పిట్టపిచ్చోళ్ళలో కొత్తగా ఎవరో చేరారు" అనుకుంటారు. ఆయన వాళ్ళకు నవ్వుతూ తల ఊపుతాడు. బుగ్గన బెల్లం ముక్క ఉంటుంది, మాట్లాడడు.

కాబట్టి పిల్లలూ, గుర్తుపెట్టుకోండి: మనం ప్రేమించేదానికి కీడు చేసి గెలిస్తే అది గెలుపు కాదు, దాని మేలు కోసం ఓడిపోవడానికైనా సిద్ధపడ్డవారి మాటనే లోకం చివరికి నమ్ముతుంది.